దసలి గుడ్డు ముందు ఏ లెన్స్ గెలుస్తుంది?

దసలి పట్టుపురుగు గుడ్డు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, వెడల్పు రెండున్నర. ఆవగింజ కంటే పెద్దది, పెసరగింజ కంటే చిన్నది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతంలో ఈ పట్టును కోసా అంటారు. ఊరికి తూర్పున ఉన్న చాంపా కోసా చీరలకు పేరుమోసింది. దసలి మూలవిత్తనం, అంటే రోగం లేని గుడ్లు తయారుచేయించే కేంద్ర పట్టు మండలి విభాగానికి ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉంది. ఆ గుడ్ల కోసం ఎదురుచూసే రైతులు తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు వైపు మద్దిచెట్ల కింద కూడా ఉన్నారు.

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడుతూ వచ్చాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రం. ఆ కాలనీలో ఇంట్లో తెలుగు, బజార్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఒక డిగ్రీ కుర్రాణ్ణి ఊహించుకోవచ్చు. జువాలజీ చదువుతున్నాడు. చేతిలో చవక డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాంతో పాటు వచ్చిన 18-55 జూమ్ ఉన్నాయి. దసలి గుడ్డును, అందులోంచి బయటపడే పురుగును దగ్గరగా ఫొటో తీయాలని అతని కోరిక. అతను వేసే మొదటి ప్రశ్న అందరూ వేసేదే: అన్నిటికంటే పదునైన మాక్రో లెన్స్ ఏది?

జవాబులకు కొదవ లేదు. 60 మిల్లీమీటర్లు, 90, 100, 105 అంటూ నాలుగైదు కంపెనీల లెన్స్‌లను వరుసగా నిలబెట్టి, గోడకు అంటించిన పరీక్షా పటాన్ని ఫొటో తీసి, మిల్లీమీటరుకు ఎన్ని గీతలు విడిగా కనిపించాయో లెక్కగట్టే పట్టికలు కొల్లలుగా దొరుకుతాయి. వాటిని చదివిన కుర్రాడు ఏడాది పాటు డబ్బు కూడబెడతాడు. కాలేజీ ప్రయోగశాల అయితే గ్రాంటులో సగం ఒకే లెన్స్‌కు ఖర్చుపెడుతుంది. ఆ పట్టికల్లో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే అవి చదునైన, కదలని, బాగా వెలుతురున్న కాగితం గురించి చెబుతాయి. గుడ్డు గుండ్రంగా ఉంటుంది, ఆకు ఊగుతుంది, చెట్టు కింద చీకటిగా ఉంటుంది. ఈ మూడింటి ముందు మంచి మాక్రో లెన్స్‌ల మధ్య ఉన్న తేడా దాదాపు కనుమరుగైపోతుంది. అలా ఎందుకు జరుగుతుందో అంకెలతో చూస్తే లెన్స్ కొనే క్రమమే మారిపోవాలి.

వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద ప్రతిబింబం కూడా అంతే పడితే దాన్ని 1:1 ఆవర్ధనం అంటారు. మాక్రో అనే మాటకు పాతకాలపు గీటురాయి ఇదే. చవక డీఎస్ఎల్ఆర్ సెన్సర్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే ఒక్కో పిక్సెల్ 4 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే 3 మిల్లీమీటర్ల గుడ్డు 1:1 దగ్గర పొడవునా 750 పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. పెంకు మీది నగిషీని చూడటానికి ఇది చాలినంతే.

ఇక్కడ కాంతి స్వభావం అడ్డుపడుతుంది. చిన్న రంధ్రం గుండా వెళ్లిన కాంతి కొంచెం వ్యాపిస్తుంది. దీన్నే వివర్తనం అంటారు. దీనివల్ల లోపంలేని లెన్స్‌లో కూడా బిందువు బిందువుగా పడదు, చిన్న బిళ్లగా పడుతుంది. ఆ బిళ్ల ఎంత ఉంటుందో 1835లోనే జార్జ్ ఎయిరీ లెక్క తేల్చాడు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఎఫ్ సంఖ్యతో, ఆపైన 2.44తో హెచ్చిస్తే దాని వ్యాసం వస్తుంది. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు.

మాక్రోలో ఇంకో మెలిక ఉంది. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు ప్రతిబింబం లెన్స్‌కు మరింత దూరంగా పడుతుంది కాబట్టి, ఎఫ్ సంఖ్య కూడా పెరిగినట్టే పనిచేస్తుంది. ఆవర్ధనానికి 1 కలిపి, దాంతో ఎఫ్ సంఖ్యను హెచ్చించాలి. 1:1 దగ్గర ఎఫ్/8 పెడితే అసలు పనిచేసేది ఎఫ్/16. బిళ్ల వ్యాసం 21 మైక్రాన్లు, అంటే అయిదు పిక్సెళ్ల పైమాటే. ఎఫ్/16 పెడితే అది ఎఫ్/32 అవుతుంది, బిళ్ల 43 మైక్రాన్లకు, సుమారు 11 పిక్సెళ్లకు ఉబ్బుతుంది. ఇది గాజు తప్పు కాదు. ఎంత ఖరీదైన లెన్స్ తగిలించినా ఈ బిళ్ల చిన్నదవదు. కొన్ని కంపెనీల కెమెరాలు తెర మీద ఈ అసలు సంఖ్యనే చూపిస్తాయి, మరికొన్ని పెట్టిన సంఖ్యనే చూపిస్తాయి. ఈ సంగతి గమనించకుండా రెండు బ్రాండ్ల ఎఫ్/11 ఫొటోలను పక్కపక్కన పెట్టి ఒకదానికి పట్టం కట్టే పోలికలు తక్కువేమీ కాదు. అక్కడ పోల్చింది లెన్స్‌లను కాదు, రెండు వేరువేరు రంధ్రాలను.

మరి రంధ్రం పెద్దదిగా ఉంచితే సరిపోదా? అప్పుడు ఫోకస్ లోతు పోతుంది. ఇదే కెమెరాతో 1:1 దగ్గర ఎఫ్/8లో పదునుగా కనిపించే మందం సుమారు 0.64 మిల్లీమీటర్లు. గుడ్డు మందం రెండున్నర మిల్లీమీటర్లనుకుంటే పైనుంచి కనిపించే సగం లోతు 1.25 మిల్లీమీటర్లు. ఎఫ్/8లో అందులో సగమే ఫోకస్‌లో ఉంటుంది. ఎఫ్/16కు వెళితే 1.28 మిల్లీమీటర్లు వస్తాయి, గుడ్డు సగభాగం మొత్తం సరిగ్గా పడుతుంది, కానీ అప్పటికి బిళ్ల రెట్టింపై నగిషీ మసకబారుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కునే బేరం ఇది. చదునైన పటం మీద ఎఫ్/4 దగ్గర తొలిస్థానం కొట్టిన లెన్స్, గుడ్డు ముందు ఎఫ్/11కు దిగగానే తన ఆధిక్యాన్ని వదులుకోవాల్సిందే.

బేరం నుంచి బయటపడే దారి ఒకటుంది. ఎఫ్/5.6 దగ్గర, ఒక్కో ఫొటోకు 0.3 మిల్లీమీటర్ల చొప్పున ఫోకస్ జరుపుతూ అయిదారు ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో వాటిలోని పదునైన భాగాలను కలపడం. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. కదలని గుడ్డుకు ఇది చక్కగా కుదురుతుంది. పాకే పురుగుకు కుదరదు.

కదలిక గురించి పోలిక పట్టికలు దాదాపు మాట్లాడవు. నిజానికి పదును ఎక్కువగా పోయేది అక్కడే. మెల్లటి గాలికి ఆకు సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున కదిలిందనుకుంటే, సెకనులో నూరోవంతు షట్టర్ వేగంలో అది 100 మైక్రాన్లు జరుగుతుంది. 1:1 దగ్గర సెన్సర్ మీద కూడా అంతే జరుగుతుంది. అంటే 25 పిక్సెళ్ల మేర అలుకు. రెండు మంచి లెన్స్‌ల మధ్య ఉండే తేడా ఒకటి రెండు పిక్సెళ్లకు మించదు. అదే ఫొటోను తక్కువ శక్తికి సర్దిన ఫ్లాష్‌తో తీస్తే వెలుగు సెకనులో పదివేలవ వంతు మాత్రమే ఉంటుంది, జరుగుడు 1 మైక్రాన్‌కు తగ్గుతుంది. నీడలో, తక్కువ ఐఎస్ఓలో, ఎఫ్/11 దగ్గర పగటి వెలుతురు ఫొటోలో దాదాపు పడదు, ఫ్లాష్ వెలుగు ఒక్కటే పడుతుంది. కాబట్టి ఆ కుర్రాడు కూడబెట్టిన డబ్బులో మొదటి వాటా వెలుతురుకు పోవాలి. చిన్న ఫ్లాష్, దాని ముందు తెల్లటి పల్చటి ప్లాస్టిక్ లేదా ట్రేసింగ్ కాగితంతో చేసిన తెర ఉంటే చాలు. తెర లేకపోతే మెరిసే పెంకు మీద తెల్లటి మచ్చ పడి, నగిషీ అంతా దాని కింద చచ్చిపోతుంది.

లెన్స్‌ను కూడా పనిని బట్టే తయారుచేస్తారని చెప్పే మంచి ఉదాహరణ జపాన్‌లో ఉంది. నికాన్ కంపెనీ తన మాక్రో లెన్స్‌లను నేటికీ మైక్రో అనే పిలుస్తుంది. 1956లో వచ్చిన 5 సెంటీమీటర్ల మైక్రో-నిక్కోర్ అసలు పురుగుల కోసం పుట్టింది కాదు. పత్రాలను, పుస్తకాలను మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కించాలంటే కంజి లిపిలో కిక్కిరిసిన గీతలు విడివిడిగా పడాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే లెన్స్ ఆ పనికి చాలలేదు. దాంతో కాగితంలాంటి చదునైన తలాన్ని అంచుల దాకా పదునుగా పట్టే లెన్స్ తయారైంది. అంతకు ఒక ఏడాది ముందే, 1955లో, హైన్జ్ కిల్ఫిట్ రూపొందించిన మాక్రో-కిలార్ 35 మిల్లీమీటర్ల కెమెరాలకు దగ్గరి ఫోకస్ తెచ్చిపెట్టింది. దగ్గరి చూపు కోరేవాళ్ల అవసరాలు అప్పటికే రెండు రకాలు: పత్రం చదునుగా ఉంటుంది, పువ్వు ఉండదు. తపాలా బిళ్లలు, తాళపత్రాలు, చాంపా నేతగాళ్ల కోసా గుడ్డ నేతను నమోదుచేసేవాళ్లకు అంచుల దాకా పదును నిజంగా కావాలి, పరీక్షా పటాల పట్టికలు వాళ్లకు నిక్కచ్చిగా పనికొస్తాయి. గుడ్డు ఫొటోలో మూలల్లో ఉండేది మసక ఆకే. అక్కడి పదునుకు డబ్బు పోయడం వృథా.

చవక దారుల్ని చిన్నచూపు చూడటం ఫొటోగ్రఫీ లోకంలో పాత జబ్బు. 50 మిల్లీమీటర్ల లెన్స్ వెనుక 50 మిల్లీమీటర్ల ఖాళీ గొట్టం పెడితే 1:1 వస్తుంది. ఆ గొట్టంలో గాజే ఉండదు. అటకమీది ఫిల్మ్ కెమెరా నుంచి తీసిన పాత 50 లెన్స్‌ను ఒక రింగుతో తలకిందులుగా తగిలిస్తే దాదాపు అంతే ఆవర్ధనం వస్తుంది. 28 మిల్లీమీటర్ల లెన్స్‌ను తిప్పితే రెండింతలు దాటుతుంది. ఇది మోటు ఉపాయంలా కనిపిస్తుంది కానీ దీనికి సరైన కారణం ఉంది. మామూలు లెన్స్‌ను దూరపు వస్తువు, దగ్గరి ఫిల్మ్ అనే లెక్కతో గీస్తారు. ఆవర్ధనం ఒకటిని దాటితే వస్తువు దగ్గరవుతుంది, సెన్సర్ దూరమవుతుంది. లెన్స్‌ను తిప్పితే అది మళ్లీ తాను పుట్టిన లెక్కలోకి వస్తుంది, గోళాకార విపథనం తగ్గుతుంది. చేత్తో తిప్పే అపర్చర్ రింగు ఉన్న పాత లెన్స్ అయితేనే సుఖం. బయటికి తిరిగిన వెనుక గాజు మీద దుమ్ము పడకుండా చూసుకోవాలి, బొగ్గు వ్యాగన్లు రోజంతా తిరిగే ఊళ్లో ఇది చిన్న మాట కాదు.

జూమ్ లెన్స్ ముందు బిగించే క్లోజప్ కటకం మూడో దారి. జూమ్ నాభ్యంతరాన్ని కటకం నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 250 మిల్లీమీటర్ల జూమ్ ముందు 8 డయాప్టర్ల కటకం పెడితే, దాని నాభ్యంతరం 125 కాబట్టి, రెండింతలు. ఇక్కడ మాత్రం తేడా ఉంది. ఒంటి గాజుతో చేసిన చవక కటకాలు వెంట్రుకల అంచులకు ఊదా, ఆకుపచ్చ రంగులు పూస్తాయి. రెండు మూడు గాజులు కలిపి చేసిన ఏక్రోమాట్ కటకం కొంచెం ఖరీదైనా ఆ రంగుల్ని చాలావరకు అణిచేస్తుంది.

అయితే అసలైన మాక్రో లెన్స్ దండగ అనడం అన్యాయం. దాని విలువ పదును పట్టికలో కాక వేరేచోట ఉంది. 100 మిల్లీమీటర్ల లెన్స్ 1:1 దగ్గర తన ముందు దాదాపు 14 సెంటీమీటర్ల ఎడం మిగులుస్తుంది. 50, 60 మిల్లీమీటర్ల లెన్స్‌లలో అది చాలా తగ్గిపోతుంది. మందుటెండలో మద్దాకు మీది పురుగు లెన్స్ నీడ పడితే కదిలిపోతుంది, ఫ్లాష్ వెలుగుకూ చోటుండదు. ఆ ఎడం కోసం డబ్బు పెట్టడంలో అర్థముంది. ఒక చిన్న విడ్డూరం కూడా చెప్పుకోవాలి. 100 మిల్లీమీటర్ల సాదా కటకం 1:1 ఇవ్వాలంటే వస్తువుకు, సెన్సర్‌కు మధ్య 40 సెంటీమీటర్లు ఉండాలి. నేటి 100 మాక్రోలు 30 సెంటీమీటర్లకే ఇస్తున్నాయి. అంటే దగ్గరికి వచ్చేసరికి లోపలి గాజులు జరిగి, దాని నాభ్యంతరం సుమారు 75కు కుదించుకుపోతుంది. పెట్టె మీది అంకెను చూసి ఎడం ఊహించుకోవడం అందుకే పొరపాటు.

రెండింతలు దాటాక గాజు నాణ్యత గట్టిగానే బయటపడుతుంది. 1999లో కెనాన్ తెచ్చిన 65 మిల్లీమీటర్ల ఎంపీ-ఇ ఒకటి నుంచి అయిదింతల దాకా మాత్రమే పనిచేస్తుంది, దూరపు చెట్టును చూడనే లేదు. అయిదింతల దగ్గర ఎఫ్/2.8 పెట్టినా అసలు సంఖ్య ఎఫ్/17 దగ్గర ఉంటుంది కాబట్టి రంధ్రాన్ని తెరిచి ఉంచక తప్పదు. తెరిచిన రంధ్రంలో విపథనాలు దాక్కోలేవు. అక్కడ సాదా లెన్స్‌కు, మంచి లెన్స్‌కు తేడా ఎవరికైనా కనిపిస్తుంది. ఫోకస్ లోతు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, కాబట్టి ఒక గుడ్డుకు యాభై, అరవై ఫొటోలు కలపాలి. పట్టాల పక్క క్వార్టర్‌లో ఈ పని పెట్టుకుంటే గూడ్సు బండి వెళ్లేదాకా ఆగాల్సిందే. నేల కంపించి వస్తువు 1 మైక్రాన్ జరిగితే సెన్సర్ మీద 5 మైక్రాన్లు జరుగుతుంది.

ఆ పైన మాక్రో లెన్స్ ఆగిపోయే చోటు ఒకటుంది. దసలి రైతుకు అసలు భయం గుడ్డు నగిషీ గురించి కాదు, పెబ్రిన్ గురించి. ఈ రోగం తల్లి మాత్ నుంచి గుడ్డులోకి దిగుతుంది. పైకి గుడ్డు మామూలుగానే ఉంటుంది. పురుగులు పొదిగి, పెరిగి, కాయ కట్టే ముందు చచ్చిపోతే కుటుంబానికి ఆ పంట పోయినట్టే. రోగకారకపు సిద్ధబీజం పొడవు సుమారు 4 మైక్రాన్లు. అయిదింతల మాక్రోలో వివర్తన బిళ్లే వస్తువు కొలతలో నాలుగున్నర మైక్రాన్లు ఉంటుంది. సిద్ధబీజం కనిపించినా ఆకారం లేని చుక్కగానే కనిపిస్తుంది, దుమ్ము కణమో రోగమో తేల్చలేం. 40 రెట్ల మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ అర మైక్రాన్ దాకా విడదీస్తుంది. అందుకే 1860లలో లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో పట్టురైతుల కోసం రూపొందించిన పద్ధతే నేటికీ నడుస్తోంది: గుడ్లు పెట్టిన తల్లి మాత్‌ను నూరి, ఆ ద్రవాన్ని మైక్రోస్కోప్ కింద చూడటం, సిద్ధబీజాలు కనిపిస్తే ఆ గుడ్లను తగలబెట్టడం. గుడ్డు పైపెంకును ఎంత పదునుగా ఫొటో తీసినా రోగం లేదని చెప్పడానికి అది పనికిరాదు. ఏ కాలేజీ అయినా దసలి పని కోసమని ఖరీదైన మాక్రో లెన్స్ కొనబోతుంటే, తన మైక్రోస్కోప్ ఏ స్థితిలో ఉందో ముందు చూసుకోవాలి.

మాక్రో ఫొటో నిజంగా పనికొచ్చే చోట్లు లేకపోలేదు. గుడ్డు రంగు మారే రోజులు, పురుగు దశలు, ఆకుల మీద పరాన్నజీవి ఈగలు, చీమలు, ఇవన్నీ రైతుకు చూపించి నేర్పడానికి ఫొటోను మించింది లేదు. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనాచురలిస్ట్ లాంటి చోట్ల పెట్టిన ఫొటోల్లో మాత్రం ఒక లోపం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మీసంలోని వెంట్రుకలు లెక్కపెట్టేంత పదును ఉంటుంది, పురుగు ఎంత పొడవుందో తెలియదు. రెక్క ఈనెలు కనపడే కోణం ఉండదు, ముఖం ఒక్కటే ఉంటుంది. గుర్తుపట్టాల్సిన నిపుణుడికి కొంచెం మసకైనా పక్కనుంచి, పైనుంచి, కొలతతో తీసిన మూడు ఫొటోలు ఎక్కువ ఉపయోగం.

1:1 అనే మాట కూడా ఈ గందరగోళానికి తోడైంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1:1 అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది, చవక డీఎస్ఎల్ఆర్‌లో 23. ఫోన్ సెన్సర్ ఎంతో చిన్నది కాబట్టి చాలా తక్కువ ఆవర్ధనంతోనే అంతే వెడల్పు చూపించగలదు. మామూలు జూమ్‌ల మీద మాక్రో అని రాసి 1:3, 1:4తో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. లెన్స్‌లను అమ్మేవాళ్లు, పోల్చేవాళ్లు నిష్పత్తిని పక్కనపెట్టి, ఫ్రేము అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో, అప్పుడు లెన్స్ ముందు ఎంత ఎడం మిగులుతుందో, ఆ రెండూ చెబితే కొనేవాడికి సగం సంగతి తెలిసిపోతుంది.

ఆ కుర్రాడు ఇవాళే చేయగలిగిన పరీక్షకు ఏమీ కొననక్కర్లేదు. జామెట్రీ బాక్సులోని స్టీలు స్కేలును ముందు నిటారుగా, అడ్డంగా ఫొటో తీయాలి. ఫ్రేములో ఎన్ని మిల్లీమీటరు గీతలు పడ్డాయో అదే ఫ్రేము వెడల్పు. తర్వాత స్కేలును 45 డిగ్రీలు వాల్చి ఎఫ్/5.6, 8, 11, 16, 22 దగ్గర ఫ్లాష్‌తో ఒక్కో ఫొటో తీయాలి. ఎన్ని గీతలు ఫోకస్‌లో ఉన్నాయో, ఏ సంఖ్య దగ్గర గీత అంచు మెత్తబడటం మొదలైందో కంప్యూటర్ తెర మీద తెలుస్తుంది. ఆ అయిదు ఫొటోలను దాచుకుని, అదే అమరికతో మద్దాకు మీది గుడ్డును తీయాలి. స్కేలు ఫొటోను గుడ్డు ఫొటోతో పాటే ఉంచితే, పదేళ్ల తర్వాత చూసినవాళ్లకు కూడా ఆ గుడ్డు 3 మిల్లీమీటర్లో, రెండున్నరో కొలిచి చెప్పడం వీలవుతుంది.